డైరెక్టరుగారి చేతులు

“చేతులు ఒళ్ళో పెట్టుకో వెర్న్” అంది భార్య లొరెయిన్.

వెర్నన్ క్రూగర్ బుద్ధిగా ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి అక్కడ ఉంటేగా. కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా ఏళ్ళ తరబడి మైదానం గట్టున నిలబడి సైగలు చేసిన చేతులవి. టోపీ అంచు ముట్టుకుంటే బంతి చంకలో పెట్టుకుని మధ్యలోంచి దూసుకుపొమ్మని. చెవి లాక్కుంటే దూరంగా విసరమని. ఈ వేసవిలో ప్రెయిరీఫోర్క్ కాలేజీ ఆయన్ని ఆటల విభాగానికి డైరెక్టరుని చేసి, టై కట్టి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ సంగతి చేతులకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆట ఆఖరి నిమిషంలో ఉంది. స్టోన్‌ఫెర్రీ వాళ్ళు నాలుగు పాయింట్లు ముందున్నారు. బంతి వాళ్ళ గీతకు అయిదు గజాల దూరంలో ఉంది, ప్రెయిరీఫోర్క్‌కి ఒకే ఒక్క ప్రయత్నం మిగిలింది. గీత దాటారా, ఆరు పాయింట్లు, గెలుపు. లేదంటే వరసగా నాలుగో ఏడు కూడా స్టోన్‌ఫెర్రీ వాళ్ళు ఊరి నడివీధిలో కారు హారన్లు మోగించుకుంటూ పోతారు.

“మధ్యలోంచే కొట్టాలి. డెల్విన్‌కి తోచిందో లేదో” అని గొణిగాడు వెర్నన్.

“తోచకపోతే నీకెందుకు? కోచ్ అతను.”

“నేను ఊరికే అంటున్నా.”

“ఊరికే కూడా అనకు. మాటిచ్చావు.”

ఇచ్చాడు, నిజమే. బయటినుంచి పేరున్నవాణ్ణి తెద్దామని కమిటీ అంతా పట్టుబడితే, ఒక్కడే ఎదురు నిలిచి తన సహాయకుడు డెల్విన్ పార్క్స్‌ని కోచ్‌ని చేశాడు. ఆ రోజు డెల్విన్ అడిగింది ఒక్కటే. “ఆట జరిగేటప్పుడు మీరు వేలు పెట్టకూడదు కోచ్.” వెర్నన్ చేతిలో చెయ్యేసి చెప్పాడు, వేలు పెట్టిన రోజున డైరెక్టరు కుర్చీ వదిలేస్తానని. అయినా ఊళ్ళో కాఫీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే మాట. డెల్విన్ ఉత్త బొమ్మ, ఆడించేది పెద్దాయనేనని.

అందుకే ఆయన ఈ సీజనంతా మేడ మీద అద్దాల గదిలోనే కూర్చున్నాడు. ఇవాళ డెల్విన్ తనే కబురు పెట్టాడు. పాత విద్యార్థులంతా వస్తున్నారు, కింద ముందు వరసలో కూర్చుంటే మురిసిపోతారని. కబురుతో పాటు వెర్నన్ కోచ్ గదిలో వదిలేసి వచ్చిన పాత ఎర్ర టోపీ కూడా పంపాడు. కుర్రాడికి ఎంత అభిమానమో అని వెర్నన్‌కి పొద్దున్న కళ్ళు చెమర్చాయి కూడా. అదే పెట్టుకుని వచ్చాడు.

లొరెయిన్ మొగుణ్ణి ఎరిగిన మనిషి. వేడి సూపు గిన్నె ఒకటి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. “తాగు. అయ్యేదాకా వదలకు.”

ఆటగాళ్ళు వరస కట్టారు. వెర్నన్ గిన్నెని పక్కనున్న కాలేజీ ప్రెసిడెంటుగారి భార్య ఒళ్ళో పెట్టాడు. ఎప్పుడు పెట్టాడో ఆయనకే తెలియదు. కుడిచెయ్యి దానంతటదే లేచి టోపీ అంచుని రెండుసార్లు ముట్టుకుంది.

“వెర్న్” అంది లొరెయిన్.

అప్పటికే అయిపోయింది. అవతలి గట్టున దుర్భిణి పట్టుకుని నిలబడ్డ స్టోన్‌ఫెర్రీ మనిషి ఏదో అరిచాడు. వాళ్ళ జట్టు జట్టంతా మధ్యకి జరిగి గోడ కట్టేసింది.  ఇప్పుడు మధ్యలోంచి వెళితే చచ్చామే అనుకున్నాడు వెర్నన్.

డెల్విన్ ఇటు తిరిగైనా చూడలేదు. బంతి గాల్లోకి లేచి గీత అవతల కుడి మూలకి పోయింది. అక్కడ ప్రెయిరీఫోర్క్ పొడుగు కుర్రాడొక్కడే ఉన్నాడు, పెరట్లో జామకాయ అందుకున్నంత తీరిగ్గా పట్టుకున్నాడు. జనం కుర్చీలెక్కి గంతులేశారు. లొరెయిన్ ప్రెసిడెంటుగారి భార్యని వాటేసుకుంది, సూపు ఇద్దరి మీదా పడింది.

వెర్నన్‌కి ఆనందం పట్టలేదు. ఆ వెంటనే సిగ్గేసింది. తేలు కుట్టిన దొంగలా మెట్లు దిగి మైదానంలోకి నడిచాడు.

ఆటగాళ్ళు ఐసు నీళ్ళ డబ్బా నెత్తిన కుమ్మరించారేమో, డెల్విన్ తడిసి ముద్దయి వణుకుతూ నవ్వుతున్నాడు. వెర్నన్ జేబులోంచి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

“ఇదేంటి కోచ్?”

“డైరెక్టరు గది తాళం. మాట తప్పాను రా. టోపీ ముట్టుకున్నాను.”

“తెలుసు.”

“నువ్వు ఇటు చూడనే లేదుగా?”

“నేను చూడలేదు, వాళ్ళు చూశారు. వేసవంతా కూర్చుని పాత ఆటల వీడియోలు తిరగేశాను కోచ్. మూడేళ్ళుగా మీరు టోపీ ముట్టుకున్న ప్రతిసారీ స్టోన్‌ఫెర్రీ వాళ్ళు మధ్యకి జరిగారు. మీ సైగలన్నీ వాళ్ళకి కంఠతా వచ్చు.”

 వెర్నన్ టోపీ తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“అంటే మూడేళ్ళూ మనం ఓడింది దీనివల్లా?”

“ఇవాళ గెలిచింది కూడా దానివల్లే. ఆడించేది ఇంకా మీరేనని ఊరంతా అనుకుంటోంది కదా, వాళ్ళూ అదే అనుకున్నారు. మా నెత్తిన పాలు పోశారు.”

“అది సరే, మాట తప్పడం తప్పడమే. తాళం ఉంచుకో.”

డెల్విన్ ఆ తాళంచెవిని వెర్నన్ కోటు జేబులోనే వేసి, పైన చిన్నగా తట్టాడు.

“మీరెక్కడ మాట మీద నిలబడతారోనని నిన్న రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు కోచ్.”