రవ్వంత చాలు

ఎవరో పెట్టారు. పిల్ల ముఖం చూడలేక, జాలిపడి, చాటుగా ఎవరో పెట్టే ఉంటారు. లేకపోతే గొంతులో ఆ వాపు ఎందుకు తగ్గదు?

బస్సు దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ అతని బుర్రలో అదే తిరుగుతోంది. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి భార్య ఫోన్ చేసి డాక్టరు మాట చెప్పింది. "గోధుమ ఇంకా లోపలికి పోతూనే ఉందట. రవ్వంత చాలట. మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలట."

మొదటి నుంచీ. ఆయనకేం, ఎంత తేలిగ్గా అనేశాడు. ఈ మాయదారి జబ్బుకి రక్తపరీక్ష చాలదు. అనుమానం ఉన్న తిండి మాన్పించాలి, కొన్నాళ్లాగి గొంతులోకి గొట్టం దింపి అన్నవాహిక చూడాలి. గొట్టం లోపలికి దిగిన ప్రతిసారీ ఇంట్లోంచి ఏదో ఒకటి బయటికి పోయింది. మొదట బండి. తర్వాత భార్య గాజులు. ఈసారి అమ్మడానికేమీ మిగలక, తన ఒళ్లే అమ్ముకున్నాడు. రోజూ రెండు షిఫ్టులు. అదంతా ఇప్పుడు బూడిదలో పోసినట్టు.

తలుపు తోసుకుని నేరుగా వంటగదిలోకి వెళ్లాడు. అత్తగారు పళ్లేలు కడుగుతోంది.

"దానికి ఏం పెట్టారు?"

"ఏం పెడతాను నాయనా, అన్నమూ ఉడికించిన కూరా."

"బిస్కెట్టా? బన్నా?"

"ఇంట్లో ఎక్కడున్నాయి? డబ్బాలన్నీ నువ్వే కదా పారేశావు."

"మీ సంచిలో ఏముంటుందో నాకేం తెలుసు?"

ఆవిడ చేతిలో పళ్లెం ఆగిపోయింది. భార్య అడ్డం వచ్చింది.

"నోరు జారకు. పిల్లతోపాటు అమ్మ కూడా పథ్యం చేస్తోంది, కనబడట్లేదా?"

"చేసింది చాల్లే. రేపు పొద్దున్నే తీసుకెళ్లి మీ అన్నయ్య ఇంట్లో దింపేసి రా."

అత్తగారు చేతులు తుడుచుకుంది. గదిలోకి వెళ్లి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అలా వెళ్లిపోవడం అతనికి నేరం ఒప్పుకున్నట్టే తోచింది. దొంగ దొరికితే పోయిన సొమ్ము సగం తిరిగొచ్చినట్టుంటుంది. కోపంలో అలాంటి సుఖమేదో ఒకటి ఉంది.

చేతులు కుళాయి కింద తడిపీ తడపనట్టు తడుపుకుని కూతురి ముందు కూర్చున్నాడు. రోజంతా ఒళ్లు హూనం చేసుకునేది ఈ కాసేపటి కోసమే. పిల్లకి మింగుడు పడాలని అన్నాన్ని వేళ్లతో నలిపి నలిపి మెత్తగా ముద్ద చేశాడు.

"అమ్మమ్మ వెళ్లిపోతుందా నాన్నా?"

"నీకు దొంగచాటుగా ఏదో పెట్టింది కదమ్మా."

"అమ్మమ్మ చెంచాతోనే పెడుతుంది. అమ్మా అంతే. చేత్తో పెట్టేది నువ్వొక్కడివే." పిల్ల నోరు తెరిచింది.

పొద్దుటి నుంచీ బేకరీలో పిండి పిసికిన ఆ వేళ్లను, గోళ్ల సందుల్లో తెల్లగా గట్టిపడిన ఆ పిండిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసి, ముద్దను ఆమె పెదాల దగ్గర నుంచి వెనక్కి తీసుకున్నాడు.