మొదటి కుర్చీ

దేశదేశాల సభలన్నీ లాటరీ తగిలిన ఇళ్లలోనే జరిగే రోజులవి. ఈసారి అది అనకాపల్లిలో నూకరత్నానికి తగిలింది. ఒకప్పుడు దొరల ఏలుబడిలో మగ్గిన పదకొండు దేశాల నేతలు ఎవరి దేశంలో వాళ్లుండగానే, వెలుగుబొమ్మలై ఆమె ముందుగదిలో కూర్చున్నారు. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నూకరత్నం కంగారులో పదకొండు గ్లాసుల టీ పెట్టేసింది.

"వెలుగుబొమ్మలు టీ తాగుతాయేటే?" అని అత్త నవ్వింది.

మొదటి కుర్చీ ఎవరిదన్న తగువు పొద్దున్నుంచీ తెగలేదు. సాయంత్రానికి తేలకపోతే సభ రేపూ ఇక్కడే. ఆ గోలకి నూకరత్నం చంకలో ఉన్న ఏడాదిన్నర పిల్లకి కునుకు లేదు, ఒళ్లు కూడా వెచ్చబడింది. ఏం చెయ్యాలో తోచక నూకరత్నం, చిన్నప్పుడు అమ్మమ్మ తనని బెదిరించిన మాటే బిడ్డతో అనేసింది.

"ఊరుకోవే తల్లీ! అదిగో, దొర వస్తన్నాడు!"

గోడమీది అనువాద యంత్రం ఆ మాటను పదకొండు భాషల్లోనూ వినిపించింది. తగువు టక్కున ఆగిపోయింది. నేతలంతా కాలర్లు సర్దుకుని, మొదటి కుర్చీ ఖాళీగా వదిలి, లేచి నిలబడ్డారు.

నూకరత్నం వాళ్లను చూసి నవ్వబోయింది. తన చెయ్యి అప్పటికే పైట సర్దేసిందని తెలిసి నాలుక కరుచుకుంది.

దొరకి భయపడనిది పిల్ల ఒక్కతే. చంక దిగి, ఆ కుర్చీ ఎక్కి, ముడుచుకుని నిద్రపోయింది. లేపమని ఎవరూ అనలేదు.