సూది ముందు, తుపాకీ తర్వాత

“ముందు సూది గుచ్చి నెత్తురు తియ్యుండ్రి సారూ. తర్వాత కాల్చుకుంటే కాల్చుకోండ్రి.”

గాలయ్య ఆ మాట అనడం నాలుగోసారో, అయిదోసారో. జోడించిన చేతులు దించలేదు.

పశువుల దవాఖాన కాంపౌండర్ అమరేందర్ సైకిలుకు స్టాండు వేసి, తోలుసంచి భుజాన తగిలించుకుని గేటు దగ్గరే ఆగిపోయాడు. పందులను పూడ్చేదాకా దగ్గరుండి చూడమని అతన్ని పంపారు. దొడ్లో మున్సిపాలిటీ మనుషులు. బయట మెదక్ బజారులో సగం జనం.

ఖిల్లా కింద ఆ దొడ్డిని దవాఖానలో పనిచేసిన ఓ ముసలి నర్సు పెట్టింది. బస్సు కింద పడి కాళ్లు విరిగిన పందులు, వేటగాళ్ల వలల్లోంచి విడిపించిన కుందేళ్లు అక్కడ చేరాయి. ఆమె పోయాక గాలయ్య ఒక్కడే హోటళ్ల వెంట తిరిగి, మిగిలిన మెతుకులు తెచ్చి వాటిని బతికిస్తున్నాడు. బజారు వాళ్లు దానికి పందుల సత్రమని పేరు పెట్టి నవ్వుకునేవారు.

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. వానలు మొదలైనప్పటి నుంచి ఊళ్లో మెదడువాపు జ్వరం. పోయేది పిల్లలే. పందిని కుట్టిన దోమ పొద్దుగూకే వేళ పిల్లల్ని కుడితే వస్తుందట. పందులన్నిటినీ కాల్చెయ్యమని ఆర్డరు వచ్చింది.

“నిన్నటి సంది యాడికి వోయినవ్ రా?” శానిటరీ ఇన్‌స్పెక్టర్ ప్రభాకర్ గద్దించాడు. “పంచె గట్ల తడిసిందేంది? పందులను వాగు దాటిచ్చి వస్తున్నవా?”

“లేదు సార్. అన్నీ గీడనే ఉన్నయి.”

“దగ్గరికొచ్చి చెప్పు.”

“గీడికెల్లే చెప్త సార్. నేను దగ్గరికి రావద్దు.”

“పందుల కంపు మనకు అంటొద్దనేమో! మస్తు మర్యాద నేర్సిండు,” గుంపులో ఎవడో అన్నాడు.

షాజహాన్ బీ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. ఆమె కొడుకు దవాఖానలో కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు.

“పందులు పోతే మళ్లీ పందులొస్తయి గాలయ్యా. నా పోరనికేమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?”

గాలయ్య అమరేందర్ వైపు తిరిగాడు.

“సారూ, మీరన్న చెప్పుండ్రి. నెత్తురు చూస్తే తెలుస్తదంట కద. గా జ్వరం వీటికి ఉన్నదో లేదో తెలుస్తదంట కద.”

“తెలుస్తది. హైదరాబాద్ పంపాలె.”

“తియ్యుండ్రి మరి.”

ప్రభాకర్ విసుక్కున్నాడు. “జవాబొచ్చేదాంక ఆగమంటవ్. గంతేగా నీ ఉపాయం? ఒక్క గంట గూడ ఆగేది లేదు.”

“ఆగకుండ్రి సార్. నెత్తురు తీసినంక కాల్చుండ్రి. నేను అడ్డం రాను.”

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చంపేవాటికి సూదెందుకు?

“మనిషికి మతి తప్పింది సార్,” అన్నాడు తుపాకీ పట్టుకున్న నర్సింగం.

గాలయ్య బురదలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. వచ్చి ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. ఉన్నచోటనే నేలకు నుదురు ఆనించాడు.

“మీ కాల్మొక్త సారూ. మీ పిల్లలు సల్లగుండ.”

అమరేందర్ తోలుసంచి విప్పి సూది తీశాడు. “జర ఆగుండ్రి సార్,” అని ప్రభాకర్‌తో చెప్పి, జవాబు వినకుండా లోపలికి నడిచాడు.

గాలయ్య పిలిచాడు. కుంటిదీ, గుడ్డిదీ, అన్నీ వచ్చాయి. నిన్నటి నుంచి మేత లేదేమో, అతని మోకాళ్లకు మూతులు రుద్దాయి. ఒక్కోదాన్ని అతను పొట్టకు అదుముకుని పట్టుకుంటే, అమరేందర్ చెవి నరానికి సూది గుచ్చాడు.

“నన్ను ముట్టకుండ్రి సార్.”

“గసొంటివి నేను పట్టించుకోనయ్యా.”

“పట్టించుకోవాలె సార్. ఇయ్యాల ముట్టకుండ్రి.”

పక్క గూట్లో కుందేళ్లు ఆకలికి తీగలు కొరుకుతున్నాయి. గాలయ్య అటు ఒక్కసారి కూడా చూడలేదు.

“వాటికి గింత గడ్డన్న వెయ్యరాదు?”

“గవి నాకొద్దు సార్. ఎవరన్న పట్టుకపోతే పోనీండ్రి.”

వాటికి దూదితో పాలు పట్టి పెంచిన చేతులవి. అమరేందర్‌కు ఏమీ అర్థం కాలేదు.

నర్సింగం తుపాకీ ఎత్తాడు. పందులు పారిపోలేదు. గాలయ్య ఉన్నాడు కదా అని నిలబడ్డాయి. మోతలన్నీ అయ్యేదాకా అతనూ కదల్లేదు.

పందులను గుంతలో పూడ్చేసరికి జనం పలచబడ్డారు. అమరేందర్ నెత్తురు సీసాలను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని సైకిలెక్కబోతుంటే గాలయ్య వెనకాలే వచ్చాడు. కొంత దూరంలోనే ఆగాడు.

“జవాబు ఎన్నడొస్తది సార్?”

“నెల పడ్తదేమో. వచ్చి ఏం లాభం గాలయ్యా? పందులే లేకపాయె.”

“వీటికి జ్వరం లేకుండెనని వస్తే జర కబురు చెయ్యుండ్రి. వాగవతల నా గుడిసె.”

“ఉన్నదని వస్తే?”

గాలయ్య వాగు వైపు చూశాడు.

“చెప్పకుండ్రి,” అన్నాడు.

కుందేళ్లను చూపిస్తేనే ముద్ద మింగుతానని మారాం చేసే నాలుగేళ్ల మనవరాలిని రోజూ పొద్దుగూకే వేళ ఆ పందుల దొడ్లోనే కూర్చోబెట్టుకుని అన్నం తినిపించిన గాలయ్య, ఆ పొద్దున్నే ఆ పిల్లను వాగవతల మట్టిలో పెట్టి వచ్చాడు.