మెట్ల వైద్యం

ఉప్పు మర్చిపోయిన నేరం కొట్టుకి వెళ్ళొచ్చిన మొగుడిదా, చీటీలో రాయని పెళ్ళానిదా అన్నది ఎంతకీ తేలలేదు.

"రాసుంటే తెచ్చేవాణ్ణి కదే," అన్నాడు ప్రభుత్వ తనిఖీ శాఖలో ఆఫీసరైన ఆ మొగుడు.

"ఉప్పు కూడా రాయాలా? ఈసారి దారిలో ఊపిరి పీల్చుకోమని కూడా రాస్తాను. వెళ్ళి తెండి. లిఫ్టులో రెండు నిమిషాలు."

లిఫ్టు పేరెత్తగానే ఆఫీసరు మొహం మాడిపోయింది. "మెట్లున్నది ఎందుకూ? గుండెకి మంచిది."

"మీ గుండె బాగుపడేలోగా నా మోకాళ్ళు పిండయిపోయేలా ఉన్నాయి!"

ఈ ఐదో అంతస్తు ఫ్లాటు కొనుక్కుని వచ్చి రెండేళ్ళు. రెండేళ్ళూ ఇదే పాట. కూరగాయల సంచీతో మెట్లే. ఒళ్ళు కాలిపోతున్నా మెట్లే. మూడో అంతస్తు ముసలావిడ చేతికర్ర టకటకలాడించుకుంటూ దర్జాగా లిఫ్టెక్కేది. బడిపిల్లలు అందులో కిక్కిరిసి కేరింతలు కొట్టేవారు. ఈవిడ మాత్రం అంతస్తుకోచోట కూలబడి, మొగుడి వంశాన్ని పేరుపేరునా తలుచుకుంటూ ఇల్లు చేరేది.

ఎదురింటివాళ్ళు ఆయనకి ఆరోగ్యం పిచ్చి అని తేల్చేశారు. కూతురైతే తండ్రికి 'మెట్లస్వామి' అని పేరే పెట్టేసింది.

నిన్న డాక్టరు ఎక్స్‌రే వెలుగుకేసి పట్టి చూసి, "ఇంకా మెట్లెక్కారంటే మోకాళ్ళు మార్చాల్సిందే," అన్నాడు.

పక్కింటి ఉప్పుతో వంటయింది. మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. ఆవిడ గరిటెతో గిన్నె మీద ఠంగుమని కొట్టింది.

"ఇద్దరూ వినండి. రేపట్నుంచి నేను లిఫ్టులోనే వెళ్తాను. అమ్మాయీ అంతే. కాదంటారా, ఇద్దరినీ చెరో భుజాన వేసుకుని ఎక్కండి."

"నేను రెడీ," అంది కూతురు. "స్వామివారు మాత్రం నడిచే వేంచేస్తారు."

ఆఫీసరు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"వద్దే. ఇల్లు మారిపోదాం. కింద అంతస్తులో ఎక్కడైనా అద్దెకి చూస్తాను."

"సొంతిల్లు ఉంచుకుని అద్దెకా? మతిగానీ పోయిందా మీకు? ఇంతమంది ఎక్కే లిఫ్టు నేనెక్కితేనే తెగిపడుతుందా?"

ఆయన కూతురి వంక చూశాడు. తలుపు వంక చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"దాని తీగలు కంటితోనైనా చూడకుండా 'అంతా భద్రం' అని నేను సంతకం పెట్టినందుకే కదే, బిల్డరు మనకీ ఫ్లాటు సగం ధరకిచ్చింది!"