కన్ను బొమ్మ, నోరు బొమ్మ

హరి మళ్లీ అలిగాడు.

"తలుపేసుకోని కూచుండాడమ్మా," అంది ఫోనులో వాళ్లమ్మ అన్నమ్మ. "'నాకు రాదు, నేను చెయ్యను, ఇంగ నన్ను అడగొద్దు' అంటాండాడు. పొద్దున్నుంచి ముద్ద గూడా ముట్టలే. మావాడు నా మాట యాడ వింటాడు?"

ధర్మవరంలో మగ్గం పక్కన కూర్చుని పట్టుచీరకు కుచ్చులు వేస్తున్న నాగలక్ష్మికి ఏడుపొక్కటే తక్కువ. ఆమె స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు కావాలని ఆన్‌లైన్లో కోర్సు చేస్తోంది. పెనుకొండలో ఉండే హరి ఈ శనివారంలోగా తెర మీద ముఖం చూపించాలి, నాలుగు మాటలు మాట్లాడాలి. అది జరిగితేనే ఆమె కోర్సు గట్టెక్కేది. లేదంటే ఈ ఏడాదికి లైసెన్సు లేనట్టే.

హిందూపురంలో ఒక చిన్న బడి వాళ్లు ఆమె కోసం ఉద్యోగం అట్టిపెట్టారు. ఆ బడి చూడ్డానికి పోయినప్పుడు, ఎవరితోనూ మాట్లాడని ఒక పాప వచ్చి ఆమె కొంగు పట్టుకుంది. సాయంత్రం దాకా వదల్లేదు. ఎట్లాగో విడిపించుకుని బస్సెక్కింది గానీ, ఆ రోజు నుంచి నాగలక్ష్మి మనసు మనసులో లేదు. ఎవరికోసం కాకపోయినా ఆ పాప కోసం లైసెన్సు తెచ్చుకోవాల్సిందే.

ఇక కోర్సు వాళ్ల సంగతి చెప్పుకోకపోవడమే మేలు. లావుపాటి పుస్తకమొకటి పోస్టులో పంపి, హరి ఇంటి నంబరు ఇచ్చి, చేతులు దులుపుకున్నారు. పైగా ఆ బ్యాచికంతా దొరికింది హరి ఒక్కడే.

నాగలక్ష్మి కంటే ముందు అదే బ్యాచిలోని హిందూపురం శ్రావ్య ఒక చెయ్యి వేసి చూసింది.

"నావల్ల కాదక్కా," అంది. "గట్టిగా ఒక్క మాటన్నా, అంతే. ఫోన్ పెట్టేసి రెండు దినాలు ఎత్తలే. నీకన్నా ఓపిక ఉండాది. మా అందరి బతుకులూ నీ చేతిలో పెడతాండాం."

పెట్టారు మహానుభావులు! నాగలక్ష్మి పుస్తకం ముందేసుకుంది. అరవకూడదు. తొందరపెట్టకూడదు. పెద్ద పనిని చిన్న చిన్న అడుగులుగా విడగొట్టాలి. ఒక్కో అడుగుకీ మెచ్చుకోవాలి. ఎంత చిన్నవాళ్లనైనా గౌరవంగా పిలవాలి. మొదటి రోజు నుంచీ ఆమె నోట "హరిగారూ, మీరు" తప్ప ఇంకో పిలుపు రాలేదు.

"హరిగారూ, నిన్న ఎంత బాగా చేసినారు! మీ వేలు సరిగ్గా ఆడికే పోయింది కదా. ఈ దినం ఇంగొక్క అడుగు. రాకపోయినా ఏం కాదు. నేను ఈడనే ఉంటాను."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మగ్గం మీదున్న నాగభూషణం నేత ఆపి పెళ్లాం వైపు చూశాడు. "ఇరవై ఏండ్లాయె. నాతో ఒక్కసారన్నా ఇట్ల మాట్లాడితివా?"

"నువ్వూ ముక్కు చీదు, చూద్దాం," అంది నాగలక్ష్మి.

మగ్గానికి వాడి పారేసిన పాత డిజైన్ అట్టలు ఇంట్లో కుప్పలుగా ఉన్నాయి. వాటిలోంచి చిన్న ముక్కలు కత్తిరించి, ఒకదాని మీద కన్ను, ఇంకోదాని మీద నోరు గీసింది. హిందూపురం షాపుకు చీరలు తీసుకుపోతూ నాగభూషణం దారిలో పెనుకొండలో దిగి వాటిని అన్నమ్మ చేతికిచ్చాడు. కంప్యూటరు మీద ఎక్కడ అంటించాలో నాగలక్ష్మి ఫోనులో ఓపికగా చెప్పింది. కన్ను బొమ్మ దగ్గర నొక్కితే ముఖం. నోరు బొమ్మ దగ్గర నొక్కితే మాట. ఇంతకంటే సులువుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

హరికి మిరపకాయ బజ్జీ అంటే ప్రాణమట. సరిగ్గా నొక్కితే ఒక బజ్జీ. తప్పు నొక్కితే తిట్టడం లేదు, మళ్లీ మొదట్నుంచి. నాలుగు రోజులు తిరిగేసరికి హరికి బొమ్మలు గుర్తుండిపోయాయి, కడుపు మాత్రం చెడింది.

"ఇంగ బొరుగులు పెడదామమ్మా," అంది అన్నమ్మ. "మావానికి అరగతాలేదు."

అయినా చిక్కు తీరలేదు. ముఖం వస్తే మాట రాదు, మాట వస్తే ముఖం రాదు. ఒకసారైతే ముఖానికి బదులు పైకప్పున తిరిగే ఫ్యాను కనిపించింది. నాగలక్ష్మి దానికీ చప్పట్లు కొట్టింది.

శనివారం రానే వచ్చింది. బ్యాచి మొత్తం ఫోన్ల ముందు ఊపిరి బిగబట్టి కూర్చుంది. శ్రావ్య కదిరి నరసింహస్వామికి టెంకాయ మొక్కుకుంది. తెర నల్లగా ఉంది. ఎంతసేపు చూసినా నల్లగానే ఉంది.

"హరిగారూ, తొందరేం లేదు. మొదట కన్ను," అంది నాగలక్ష్మి. ఇప్పుడు కాకపోతే మళ్లీ ఏడాది. అంతదాకా ఆ పాప ఎవరి కొంగు పట్టుకోవాలి?

తెర మీద ఫ్యాను కనిపించింది. తర్వాత ఒక చెవి.

"భేష్! శానా బాగుంది. ఇప్పుడు నోరు. మీకు వస్తాది, నాకు తెలుసు."

"నొక్కు నాయనా, నొక్కు," వెనకనుంచి అన్నమ్మ బతిమాలుతోంది. "ఒక్కసారి నొక్కితే అయిపోతాది."

టక్కుమని చప్పుడైంది. నాగలక్ష్మి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

తలకు నల్లరంగు వేసుకుని, మెడకు టై బిగించుకున్న ఒక పెద్దమనిషి తెర నిండా ప్రత్యక్షమై, గొంతు సవరించుకుని, "గుడ్ మార్నింగ్, నేను మీ కోర్సు ప్రొఫెసర్ డాక్టర్ హరికృష్ణను, నేర్చుకోవడం ఆలస్యమయ్యే పిల్లలకు విసుక్కోకుండా నేర్పడం ఎలాగన్నది ఈరోజు మన మొదటి పాఠం" అన్నారు.