కొమ్ముల్లేని డబ్బా

బేతంచెర్ల,
6-5-2008

తమ్ముడు లాజరుకు అక్క దీవించి రాయునది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మరదలికి బీపీ తగ్గిందా? మీ వాడి దగ్గు పోయిందా? ఆ దగ్గు వింటే నాకు గుండె దడ.

నువ్వు నా కొళాయికి నీళ్లు ఆపి ఇరవై రోజులైంది. అడిగితే "పైపు నాది, నా ఇష్టం. యాడన్నా తెచ్చుకోపో" అన్నావు.

ఇన్నాళ్లూ మీ వాడు మా ఇంటర్నెట్ గాలిలో వాడుకుంటుంటే నేనేమన్నా అన్నానా? పాస్‌వర్డ్ మారిస్తే మా పిల్ల మహిమ జాలిపడి చెప్పేస్తుంది. అందుకే కర్నూలు పోయి కొత్త రౌటర్ కొన్నాను.

"కొమ్ములుండేది తీసుకోవ్వా, ఇల్లంతా వస్తాది" అన్నాడు షాపాయన.

"ఇల్లంతా వద్దప్పా. నా గడప దాటనిది ఉండాదా?"

"అందరూ శానా దూరం పోయేది అడుగుతారు, నువ్వేందవ్వా!"

"నా తమ్మునికి పోగూడదప్పా, అంతే."

నవ్వి, తీగతో మాత్రమే పనిచేసేది ఇచ్చాడు. మహిమ కంప్యూటర్ బల్ల మీది నుంచి కదలదు, దానికి తీగే మేలట. నిన్నటి నుంచి మీ వాడు ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకుని మూలమూలా తిరుగుతున్నాడు. నా కడుపు చల్లబడింది.

కానీ వాడి పరీక్ష దరఖాస్తుకు సోమవారమే గడువట. అది తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

డబ్బాకు ఇంకా మూడు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. ముప్పై అడుగుల తీగ తెప్పించాను. ఒక కొస వాడికిస్తాను, రెండోది నా దగ్గరే ఉంటుంది. నువ్వు ముందు నీళ్లు వదులు, మళ్లీ ఆపిన రోజు పీకేస్తాను.

నీతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఈ కార్డు. 11వ తేదీ ఆదివారం, చర్చి కాగానే, పద్నాలుగు మెట్లెక్కి మీ పై ఇంటికి వస్తాను.