ఓడ గడియారం

కారెక్కకముందే ఆయన ఆ సంగతి చెప్పాడు. రాత్రి ఓడ గడియారాన్ని గంట ముందుకు జరిపారని. సాయంత్రం ఐదింటికల్లా ఎక్కాలంటే, ఈ ఊరి లెక్కలో అది నాలుగేనని.

మైకులో ఆ ప్రకటన వచ్చినప్పుడు భార్య స్నానాల గదిలో ఉంది. నీళ్ల చప్పుడులో ఆమెకు వినపడలేదు. విన్నది ఆయన ఒక్కడే.

"పదండి, ఎండెక్కకముందే బయల్దేరదాం" అంటూ ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక సీట్లో కూర్చోబెట్టింది. గైడ్ ఫోన్‌లోకి తొంగిచూసి తన చేతి గడియారంతో సరిపోల్చుకుంది. "నిమిషం తేడా లేదు!" అని తృప్తిపడింది.

గైడ్ లావుపాటి నవ్వుమొహం మనిషి. కారు తనదే, నడిపేదీ తనే. "ఐదింటికి కదమ్మా ఓడెక్కాలి? నాలుగున్నరకే గేటు ముందు దింపుతా. ఈ టూర్లు మొదలుపెట్టి నెల కూడా కాలేదు గానీ, ఇదివరకు పెళ్లికొడుకుల్ని తిప్పేవాణ్ణి. ఒక్కడూ లేటవలేదు. తర్వాత బాధపడ్డారేమో నాకు తెలీదు."

ఆమె పకపకా నవ్వింది. ఆయన ముందుకు వంగి, గైడ్ భుజం తట్టి మరీ చెప్పాడు, నాలుగింటికే రావాలని.

గైడ్ అద్దంలో ఆయన్ని చూసి మొహం విప్పార్చుకున్నాడు. "కొత్త కారు సార్. మీలా గమనించేవాళ్లు తక్కువ."

వ్యాపారస్తుడు, అనుకున్నాడాయన. తనకు పనికొచ్చేదే వింటాడు.

మొదట కొండకొమ్ము మీద ఆగారు. కింద తీరం కొడవలిలా వంగి ఉంది. రేవులో వాళ్ల ఓడ బొమ్మలా కనిపిస్తోంది. బట్టలు అందులోనే. పాస్‌పోర్టులు ఓడవాళ్ల దగ్గరే. ఈ ఊళ్లో తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఆయన ఓడవైపు వేలు చూపించి, మనల్ని ఇక్కడే వదిలేసి వెళ్లిపోతుంది అన్నాడు.

"అవునండీ. ఇక్కణ్నుంచి చూస్తే ముద్దొస్తోంది" అంది ఆమె.

ఇన్నేళ్ల కాపురంలో ఆయన మాట ఆమె చెవిదాకా వెళ్లి తిరిగొచ్చిన రోజులు లేకపోలేదు. కానీ అప్పట్లో ఆమె పోట్లాడేది. ఇప్పుడు ఆయన ఏమన్నా మురిసిపోతోంది, పసివాడు తప్పటడుగు వేసినట్టు. కాదనేవాళ్లతో వాదించొచ్చు. మురిసిపోయేవాళ్లతో ఏం వాదిస్తాం?

దీపస్తంభం దగ్గర ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గడియారం అద్దం మీద వేలితో టకటకా కొట్టాడు. ఇది తప్పు, గంట తప్పు అన్నాడు.

"ఇన్నాళ్లకి కనబడిందా?" ఆమె కళ్లు తడిశాయి. "మీరు కొన్నదేగా. ముసలమ్మలు పెట్టుకునేదని అప్పుడు నేనే సణిగాను."

భోజనాలయ్యేసరికి ఎండ వాలింది. ఇంక తిరిగి వెళ్లడమే అనుకుని ఆయన కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు గైడ్ గొంతు తగ్గించి, "దారిలో ఒక గుహ ఉందమ్మా. అల లోపలికొచ్చి వెళ్తుంటే శంఖం ఊదినట్టుంటుంది. మన ప్రోగ్రాంలో లేదు. సార్ ముచ్చట చూసి చెప్తున్నా" అన్నాడు.

ఆయన అరిచాడు. వద్దన్నాడు. కారు తలుపు పట్టుకుని గుంజుతూ రేవుకు పోనివ్వమన్నాడు.

"చూశారా, మనకంటే ముందు సారే రెడీ!" అన్నాడు గైడ్.

"ఇంత హుషారు చూసి ఎన్నాళ్లైందో బాబూ. ఈవేళ ఈయన నోరు ఆగడంలేదు" అంది ఆమె, ఆయన జుట్టు సవరిస్తూ.

గుహలో ఆయన చల్లటి రాతికి ఆనుకుని నిలబడ్డాడు. అల వస్తోంది, పోతోంది. మాట తన లోపల చక్కగా తయారవుతోంది. పదం పక్కన పదం, ఎక్కడా తడబాటు లేదు. అవతలివాళ్లను చేరేలోపు దానికి ఏమవుతోందో అంతుపట్టలేదు. ఇద్దరూ కూడబలుక్కున్నారా? వాళ్ల మొహాల్లోకి చూశాడు. ప్రేమ తప్ప ఇంకేమీ కనిపించలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

చివరి మలుపు తిరిగేసరికి ఓడకీ ఒడ్డుకీ మధ్య నీళ్లు కనిపించాయి.

ఆమె కారు ఆగీ ఆగకముందే దిగి గేటుకాడికి పరుగెత్తింది. "ఇంకా ఐదు కాలేదుగా! నాలుగున్నరే!"

"ఓడ టైం వేరమ్మా" అన్నాడు గేటు కాపలావాడు. "రాత్రి మైకులో చెప్పే ఉంటారు. మీలో ఒక్కరైనా వినలేదా?"

"లేదు నాయనా. ఎవరం వినలేదు." ఆమె అక్కడే ఇనప దిమ్మె మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గైడ్ తాళాలు చేతిలో పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు.

ఆయన మెల్లగా నడిచి ఆమె దగ్గరికి వచ్చాడు. నేను విన్నానన్నాడు. పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు. ఇందులో నీ తప్పేం లేదు, ఏడవకు అన్నాడు.

పక్షవాతం నోరు కట్టేసిన ఏడాది తర్వాత మొన్న ఓడ మీద తిరిగొచ్చిన మాట, పొద్దున్నుంచీ ఆయన ఏం చెప్పబోయినా దాని బదులు బయటికొచ్చిన ఒకే ఒక్క మాట, దూరమవుతున్న ఓడ ముందు ఇంకోసారి స్పష్టంగా వినిపించింది: "బాగుంది."